వాలూ మెట్టూ: ఈ20 పెట్రోలు మీద పడిన రెండు వేల రూపాయల నింద

పర్లాకిమిడిలో 24 ఏళ్లుగా కార్ల షెడ్డు నడుపుతున్నాను. ఊరు ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. షెడ్డుకు వచ్చేవారిలో ఎక్కువ మంది మాట్లాడేది తెలుగు. ఊరు దాటి కాస్త ముందుకు పోతే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత ఈ రెండు ఊళ్ల మధ్య నుంచి పోయింది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఆ గీత ఎప్పుడూ అడ్డం రాలేదు కానీ పెట్రోలు బంకు దగ్గర మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఒడిశాలో 28 శాతం. నేను చెప్పబోయే నెలల్లో మా వైపు లీటరు 103 రూపాయల దగ్గర ఉంటే అటువైపు 110 దగ్గర ఉంది. అందుకే అటువాళ్లు ఇటు వచ్చి పోయించుకుంటారు. ఈ కేసులోని మనిషి అందరికీ ఎదురు నడిచాడు. ఇటు నుంచి అటు వెళ్లి పోయించుకున్నాడు.

ఆయన చీరలూ దుప్పట్లూ కారులో వేసుకుని కొండ మీది వారపు సంతలకు తిరిగే చిన్న వ్యాపారి. వయసు యాభై దాటింది. నేను బాబాయిగారు అంటాను. ఆయన పేరూ, తిరిగే సంతలూ, కారు కంపెనీ ఇక్కడ చెప్పను. కారు 2017లో కొన్నది, చిన్నది, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిను. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతుంది, అందులో సగం ఘాట్ రోడ్డు. పెట్రోలు మూత లోపలి స్టిక్కరు మీద ఈ10 అని ఉంది, అంటే పది శాతం ఇథనాల్ (చెరకు మడ్డి, మొక్కజొన్న వంటి వాటి నుంచి తీసే ఆల్కహాలు) కలిపిన పెట్రోలుకు కట్టిన బండి. ఈ20కి, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తగ్గట్టు కట్టిన బండ్లు 2023 ఏప్రిల్ నుంచి వచ్చాయి కాబట్టి ఈ కారు ఆ లెక్కలోకి రాదు.

ఈ కేసును రాసి పెట్టడానికి కారణం అందులో జరిగిన పొరపాట్లు. కొన్ని ఆయనవి, రెండు నావి.

ఫిర్యాదు

2025 ఆగస్టులో వచ్చాడు. ఆ రోజుల్లో ఎవరి ఫోను చూసినా ఈ20 వీడియోలే.

"బాబూ, ఈ ఇథనాల్ నా కొంప ముంచుతోంది. లీటరుకు 18 ఇచ్చే బండి పద్నాలుగున్నరకు దిగింది. నెలకు రెండు వేలు అదనంగా పోతోంది. ఇంజిను దీన్ని తట్టుకునేలా ఏమన్నా చెయ్యగలవా?"

మైలేజీతోపాటు ఇంకో రెండు బాధలు చెప్పాడు. తెల్లవారుజామున మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు రెండు మూడు సార్లు తిప్పాలి. ఘాట్‌లో బరువుతో ఎక్కేటప్పుడు ఉండి ఉండి ఒక కుదుపు.

నా దగ్గరకు రాకముందే మూడు పనులు చేసి ఉన్నాడు. ఇథనాల్ దోషం పోగొడుతుందని అమ్మిన మందు సీసా ఒకటి, 350 రూపాయలది, ట్యాంకు ట్యాంకుకూ పోశాడు. వేరే షెడ్డులో ప్లగ్గులు మార్పించి ఇంజెక్టర్లు కడిగించాడు. మూడోది పాతపట్నం. ఆంధ్ర బంకుల్లో ఇంకా 'అసలు పెట్రోలు' దొరుకుతోందని ఎవరో చెప్పారట. రెండు నెలలుగా అక్కడే పోయిస్తున్నాడు, ఒక్కోసారి అందుకోసమే వెళ్లి మరీ.

మూడింటి వల్లా మైలేజీ కదల్లేదు.

ముందు బంకు సంగతి

ఇంజిను మూత ఎత్తకముందే పాతపట్నం సంగతి తేల్చాలనుకున్నాను. ఆయన ప్రతి నెలా చేతులారా డబ్బు పోగొట్టుకుంటున్నది అక్కడే. పైగా నమ్మకం అలాగే ఉంటే నేను ఏ రిపేరు చేసినా దాని ఫలితం అర్థం కాదు. మైలేజీ పెరిగితే అది బంకు పుణ్యమా, నా పనా?

మాటలతో అయ్యే పని కాదని కొలజాడీ తీశాను. అందులో 50 మి.లీ. నీళ్లు, రంగు తెలియడానికి ఒక చుక్క సిరా, పైన మా ఊరి బంకు పెట్రోలు 50 మి.లీ. పోసి, మూత పెట్టి బాగా ఊపి పక్కన పెట్టాను. పెట్రోలు నీటిలో కలవదు, ఇథనాల్ కలుస్తుంది. నీరు ఇథనాల్‌ను తనలోకి లాక్కుంటుంది కాబట్టి కింది పొర పెరుగుతుంది. 50 దగ్గర ఉండాల్సిన గీత పది నిమిషాల్లో 59కి కాస్త అటూ ఇటూగా నిలిచింది. అంటే 50 మి.లీ. పెట్రోలులో పదికి దగ్గరగా ఇథనాల్, అయిదో వంతు. తరువాత ఆయన ట్యాంకులో నుంచి తీసిన పాతపట్నం పెట్రోలుతో అదే చేశాం. గీత అదే చోట ఆగింది.

బాబాయిగారు రెండు జాడీలనూ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "ఇదీ అదేనన్నమాట" అన్నాడు.

నిజానికి అటువైపు దొరికేది నూటికి నూరు పాళ్లు పెట్రోలే అయినా ఆయనకు పైసా మిగిలేది కాదు. ఈ లెక్క అక్కడే కాగితం మీద వేసి చూపించాను. లీటరు పెట్రోలులో ఉండే శక్తి సుమారు 32 మెగాజౌళ్లు, లీటరు ఇథనాల్‌లో సుమారు 21. అయిదో వంతు ఇథనాల్ కలిస్తే లీటరుకు దాదాపు 30 మిగులుతుంది. అంటే పూర్తి పెట్రోలు ఈ20 కంటే ఏడు శాతం ఎక్కువ దూరం నడిపిస్తుంది, అంతే. కాబట్టి దానికి ఏడు శాతం కంటే ఎక్కువ ధర పెడితే నష్టం. 103 మీద ఏడు శాతం కలిపితే 110. అటువైపు ధర కూడా 110! గీత దాటి తెచ్చుకున్న 'అసలు పెట్రోలు' నిజంగానే అసలుది అయినా సరికి సరి అయ్యేది. కానప్పుడు లీటరుకు ఏడు రూపాయలు వట్టి పుణ్యానికి పోయాయి. పద్నాలుగున్నర మైలేజీతో నెలకు 103 లీటర్లు పైగా పడుతుంది కాబట్టి దాదాపు 720 రూపాయలు.

పెద్ద నగరాల్లో దొరికే 100 ఆక్టేన్ పెట్రోలు డబ్బాల్లో తెచ్చుకుంటే ఎలా ఉంటుందని కూడా అడిగాడు. పెట్రోలు డబ్బాలు కారులో చీరల పక్కన పెట్టుకుని రావడం గురించి నా అభిప్రాయం వేరే చెప్పాను, అది ఇక్కడ రాయదగింది కాదు. ధర మాత్రం చెప్పుకుందాం. అప్పట్లో అది లీటరు 160 దాకా ఉండేది. మైలేజీ పూర్తిగా పాత స్థాయికి పెరిగినా నెల ఖర్చు 13,300 దాటుతుంది. ఇక ఆక్టేన్ (ఒత్తిడికి పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే గుణం) ఎక్కువైతే బండి ఎక్కువ దూరం పోతుందనేది పాత భ్రమ. కంప్రెషన్ ఎక్కువగా పెట్టి కట్టిన ఇంజిన్లకు ఆక్టేన్ ఉపయోగపడుతుంది, ఈయన కారుకు కాదు. ఆ మాటకొస్తే ఈ20 ఆక్టేనే పాత పెట్రోలు కంటే ఎక్కువ, 95 దాకా.

"ఇథనాల్ చవకే కదా బాబూ, మరి మనకు ధర ఎందుకు తగ్గించరు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ చవక అనే మాట పాతబడింది. 2024-25 సరఫరా సంవత్సరంలో చమురు సంస్థలు సి-హెవీ మొలాసిస్ (చక్కెర తీశాక చివరికి మిగిలే మడ్డి) ఇథనాల్‌ను లీటరు 57.97 రూపాయలకు, మొక్కజొన్న ఇథనాల్‌ను 71.86 రూపాయలకు కొన్నాయి. పన్నులు వేయకముందు పెట్రోలు ధర కూడా ఇంచుమించు ఆ చుట్టుపక్కలే. తగ్గించడానికి అక్కడ పెద్దగా మిగులు లేదు. మైలేజీ తగ్గినంత మేరకు వాహనదారుకు ధరలో ఊరట ఇవ్వాలన్న వాదన వేరే ఉంది, దానితో నేనూ ఏకీభవిస్తాను. కానీ నా షెడ్డులో తేలే విషయం కాదు.

నా మొదటి పొరపాటు

స్కానర్ పెట్టాను. ఇంజిను కంప్యూటరు తన పట్టికలో ఉన్నదానికంటే ఇంజెక్టర్లను ఎంత శాతం ఎక్కువసేపు తెరుస్తోందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. మేము ట్రిమ్ అంటాము. పెట్రోలు కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అందువల్ల ఈ20 పోస్తే అదే గాలికి కంప్యూటరు కాస్త ఎక్కువ ఇంధనం చిమ్మాలి. ఇలాంటి కారులో ట్రిమ్ 4 నుంచి 7 దాకా ఉంటే నేను ఇథనాల్ వల్లేనని సరిపెట్టుకుంటాను. ఈ కారులో 14 ఉంది.

దొంగ దొరికాడనుకున్నాను. ఇథనాల్‌కు పాత ట్యాంకుల్లోని జిగురును వదిలించే గుణం ఉంది. వదిలిన జిగురు పోయి పంపు అడుగున ఉండే జల్లెడకు పడుతుంది. పంపు తీసి చూస్తే సరిగ్గా అదే, గోధుమరంగు మడ్డి. జల్లెడ మార్చి, ట్యాంకు కడిగి, పంపు దగ్గర గట్టిపడిన చిన్న రబ్బరు గొట్టం ఒకటి కూడా మార్చాను. ట్రిమ్ 6కు దిగింది. పొద్దున్నే ఒక్క తిప్పుకే స్టార్టయింది, ఘాట్‌లో కుదుపు పోయింది.

మొదటి ట్యాంకు లెక్క 16.2 వచ్చింది. నేను ఆగలేక ఆయనకు ఫోను చేసి మరీ చెప్పాను. రెండో ట్యాంకు 13.2. మూడోది 14.6. మూడింటి సగటు కూడా 14.6. మైలేజీ ఇంచు కూడా కదల్లేదన్నమాట.

ఇక్కడ రెండు తప్పులున్నాయి. ఒకటి కొలతది. ఒకసారి 20 లీటర్లు పోయించుకునేవాడికి బంకు గొట్టం రెండు లీటర్లు ముందే ఆగిపోతే మైలేజీ పది శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. నేల వాలు, గొట్టం పట్టే కోణం, పోసే కుర్రాడి తొందర, ఏదైనా చాలు. ఒక్క ట్యాంకు లెక్క నమ్మి ఫోను చేయడం నా తొందర. ఆ తరువాత నియమం పెట్టుకున్నాం: అదే బంకు, అదే గొట్టం, మొదటి టక్కు శబ్దానికే ఆపడం, మూడు ట్యాంకులు కలిపి ఒక లెక్క.

రెండోది ఆలోచనది, ఇదే నన్ను ఎక్కువ బాధించింది. ట్రిమ్ 14 అంటే బండి 14 శాతం ఎక్కువ తాగుతోందని మనసులో అనుకున్నాను. అది తప్పు. జల్లెడ మూసుకుపోయి పీడనం తగ్గితే ఇంజెక్టరు ఒక్కసారి తెరుచుకున్నప్పుడు తక్కువ పెట్రోలు వస్తుంది. దాన్ని సరిచేయడానికి కంప్యూటరు ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. చివరికి సిలిండరులో పడేది అంతే పెట్రోలు. పెరిగింది సమయం, పెట్రోలు కాదు. జల్లెడ నిజమైన లోపమే, స్టార్టింగు బాధా కుదుపూ దానివే, బహుశా ఇథనాల్‌తో సంబంధం ఉన్నవి కూడా. కానీ మైలేజీకీ దానికీ దాదాపు సంబంధం లేదు. ఒక లోపం దొరికింది కదా అని, వెతుకుతున్న లోపం అదేనని అనుకున్నాను. జల్లెడకు మజూరీ తీసుకోలేదు. ఆయన ఇవ్వబోయాడు, నాకు మొహం చెల్లలేదు.

లెక్కల పుస్తకం

అప్పుడు అడిగాను, 18 ఇచ్చేదని ఎలా తెలుసని. మామూలుగా ఈ ప్రశ్నకు వచ్చే జవాబు 'ఇచ్చేది' అనే. ఈయన మాత్రం సంచిలో నుంచి అరువుల పుస్తకం తీశాడు. ముందు పేజీల్లో ఎవరెవరు ఎంత బాకీ అన్నది, వెనక నుంచి తిరగేస్తే 2018 నుంచి పోయించుకున్న ప్రతి పెట్రోలూ. తేదీ, లీటర్లు, మీటరు అంకె. బిల్లులు ఒడియాలో, రాతలు తెలుగులో. ఇంత మంచి రికార్డు నా సర్వీసులో చూడలేదు. మొదటి రోజే అడగకపోవడం నా రెండో పొరపాటు.

ఆ రాత్రి కూర్చుని నెలవారీ సగటు వేశాను. 2021-22లో 18.0. 2023లో 17.8. 2024లో 17.5. 2025 జనవరి నుంచి ఏప్రిల్ దాకా 17.3. మే మధ్య నుంచి 16.1. జులై నుంచి 14.5.

కాగితం మీద గీత గీసి చూస్తే నాలుగేళ్లు నెమ్మదిగా దిగే వాలు, ఆ తరువాత రెండు మెట్లు.

పెట్రోలులో ఇథనాల్ పెరిగిన తీరు తెలిసినవారికి ఈ బొమ్మ చాలు. దేశం సగటున పది శాతానికి 2022 జూన్‌లో చేరింది. 2022-23లో 12 శాతం, 2023-24లో 14.6, 2025లో ఇరవై. మెల్లగా ఎక్కింది. ఇథనాల్ వల్ల మైలేజీ తగ్గితే అదీ మెల్లగానే తగ్గాలి, ఆ వాలులాగే. మెట్టు పడిందంటే ఆ రోజుల్లో బండికే ఏదో జరిగింది.

ఇంకో సంగతీ ఆయనకు కొత్తగా అనిపించింది. 18 ఇచ్చిన రోజుల్లో పోయించుకున్నదీ స్వచ్ఛమైన పెట్రోలు కాదు, అందులోనూ పదికి దగ్గరగా ఇథనాల్ ఉంది. కాబట్టి మనం పోల్చాల్సింది ఈ10తో ఈ20ని. శక్తి లెక్కన వాటి మధ్య తేడా మూడున్నర శాతం. 18 మీద మూడున్నర శాతం పోతే 17.4 దగ్గర రావాలి. పుస్తకంలో ఏప్రిల్ సగటు 17.3. ఎనిమిదేళ్ల బండి ముసలితనం కూడా కలుపుకుంటే లెక్క సరిపోయింది.

మర్నాడు ఇథనాల్ మాట ఎత్తకుండా రెండే ప్రశ్నలు అడిగాను. మే నెలలో బండికి ఏం చేయించారు? జూన్ చివర్లో ఏం మారింది?

మేలో ఘాట్ ఎక్కుతుంటే ఇంజిను వేడెక్కి ఆగిపోయిందట. దారిలో ఒక మెకానిక్ "ఏదో అడ్డం ఉంటే తీసేశాడు", ఆ తరువాత వేడెక్కలేదు. వానలు మొదలయ్యాక సరుకు తడుస్తోందని పైన క్యారియర్ బిగించి, మూటలు పెట్టి టార్పాలిన్ కప్పుతున్నాడు. లోపల కూడా మూటలే. వీడియోలు చూడటం మొదలుపెట్టింది కూడా ఆ వేసవిలోనే. నింద ఇథనాల్ మీద పడటానికి అంతకంటే ఏం కావాలి?

రోడ్డు మీద

అడ్డం ఉందని తీసేసింది థర్మోస్టాట్ అని, అంటే ఇంజిను వేడెక్కేదాకా కూలెంటును రేడియేటరుకు పోనివ్వని చిన్న కవాటమని, వెంటనే అర్థమైంది. మన వైపు చాలా మంది చేసే పని. అది లేకపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటరు గుండా తిరుగుతూ ఇంజిను వేడెక్కనివ్వదు. కంప్యూటరు బండి ఇంకా చలిలోనే ఉందనుకుని అదనంగా కొంత చిమ్ముతుంది, ఆయిలు చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెండు రెట్లు మించి వేడి కావాలి కాబట్టి చల్లటి ఇంజినులో ఈ20 ఇంకాస్త మొండికేస్తుంది.

మరి స్కానర్ పెట్టిన రోజు నాకెందుకు కనిపించలేదు? ఆ రోజు బండి షెడ్డులో నిలబడి ఉంది, ఆగస్టు ఉక్క, గాలి లేదు. నిలబెట్టిన చోట ఇంజిను 84 డిగ్రీలు చూపింది, నేను సరేననుకున్నాను. ఇప్పుడు స్కానర్ తగిలించుకునే రోడ్డెక్కాం. అరవై వేగంతో పది నిమిషాలు పోయేసరికి 66కు పడిపోయింది. 88 చుట్టుపక్కల ఉండాలి.

థర్మోస్టాట్ వేశాను. అసలు మేలో ఎందుకు వేడెక్కిందో కూడా చూడాలి, లేకపోతే వచ్చే వేసవికి మళ్లీ ఎవరో తీసేస్తారు. రేడియేటరు ముందు రెక్కల మధ్య బురద గట్టిగా పట్టి ఉంది, కడిగాం. మూడు ట్యాంకుల సగటు 15.8.

అదే ప్రయాణంలో ఇంకోటి దొరికింది. తిరిగి వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తే వెనక ఎడమ చక్రం మిగతా వాటికంటే వేడిగా ఉంది. జాకీ మీద ఎత్తి తిప్పితే అర చుట్టుకే ఆగింది. వానల్లో హ్యాండ్ బ్రేకు తీగ తుప్పు పట్టి పూర్తిగా వదలడం లేదు. తీగ మార్చి, డ్రమ్ము విప్పి శుభ్రం చేసి, టైర్లలో గాలి బరువుకు తగ్గట్టు నింపాను. 16.5.

మిగిలింది క్యారియర్. దీని గురించి ఆయనతో వాదన అయింది. "మూటలు లేనప్పుడు వట్టి కడ్డీలే కదా, వాటికెంత బరువు?" అన్నాడు. సమస్య బరువుది కాదు, గాలిది. పల్లంలో అరవై డెబ్బై వేగంతో పోయేటప్పుడు ఆ కడ్డీలూ వదులు టార్పాలినూ గాలిని కోసుకుంటూ పోవాలి. ఒప్పుకోలేదు. సరే, మూడు ట్యాంకులు తీసి నడపండి, మూడు ట్యాంకులు పెట్టి నడపండి, పుస్తకం మీదే కదా అన్నాను. నా మాట కంటే తన రాత మీద ఆయనకు నమ్మకం ఎక్కువ, అది మంచిదే. పెద్ద సంతలు ఉండే రెండు రోజులకే క్యారియర్ బిగించి మిగతా రోజులు తీసేశాడు. నవంబరు మొదటికి సగటు 17.1.

ఇథనాల్ ఖాతాలో ఎంత

ఇప్పుడు రూపాయల్లో చెప్పుకోవచ్చు. అన్నీ లీటరు 103 చొప్పున, నెలకు 1,500 కిలోమీటర్లకు.

18 మైలేజీతో నెలకు 8,580 అయ్యేది. పద్నాలుగున్నరతో 10,650. ఆయన చెప్పిన రెండు వేల నష్టం నిజమే. ఇథనాల్ వంతు మాత్రం 17.4 మైలేజీతో అయ్యే 8,880కీ పాత 8,580కీ మధ్య తేడా, అంటే 300 రూపాయలు. కిలోమీటరుకు 20 పైసలు.

నా లెక్క ఇథనాల్‌కు వత్తాసు పలుకుతోందని ఎవరైనా అనవచ్చు. సరే, గట్టి అంకె తీసుకుందాం. 2021లో వచ్చిన నీతి ఆయోగ్ నివేదిక ఇలాంటి పాత తరహా కార్లకు ఈ20తో 6 నుంచి 7 శాతం తగ్గుదల అంచనా వేసింది, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4, కొత్తగా ఈ20కి సరిచేసి కట్టిన కార్లకు 1 నుంచి 2. మొత్తం ఏడు శాతమూ 18 మీదే వేసినా నెలకు 650 రూపాయలు. రెండు వేలలో మూడో వంతు కూడా ఎక్కడా తగలదు.

దీనికి ఇంకో పద్దు కలపాలి. రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు. కొన్ని పాత బండ్లలో 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తరువాత వాటిని మార్చాల్సి రావచ్చని పెట్రోలియం మంత్రిత్వ శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. ఈయన తిరిగే లెక్కన 20 వేలంటే 13 నెలలు. గొట్టాలకు 1,500 అవుతుందనుకుంటే కిలోమీటరుకు ఏడెనిమిది పైసలు. చిన్నదే, కానీ ఇథనాల్ ఖాతాలోనే రాయాలి. ఖర్చు కంటే కారడం ప్రమాదం కాబట్టి ప్రతి సర్వీసుకూ చూడాలి.

నేను తీసుకున్నది మొత్తం 5,200. జల్లెడ సామాను, గొట్టం, థర్మోస్టాటూ కూలెంటూ, బ్రేకు పని. ఇప్పుడు ఆయన నెల ఖర్చు 9,030. పాతపట్నంలో పద్నాలుగున్నర మైలేజీతో 11,370 పెట్టేవాడు. మందు సీసాల సంగతి వదిలేసినా రెండున్నర నెలల్లోపే నా బిల్లు తిరిగి వచ్చేసింది.

తరువాత నా షెడ్డులో మారినవి

ఈ20 పేరు చెప్పి వచ్చిన బండికి ఇప్పుడు స్కానర్ కంటే ముందు తేదీలు అడుగుతున్నాను. ఎప్పటి నుంచి, ఒక్కసారిగానా మెల్లగానా, ఆ వారాల్లో బండికి ఏం చేయించారు అని. పుస్తకం రాసేవారు అరుదు కాబట్టి ఫోనులో ఉన్న చెల్లింపుల చిట్టా తీయిస్తున్నాను. ఎంత డబ్బు, ఏ తేదీన అన్నది దొరుకుతుంది. మీటరు అంకె దొరకదు, అయినా నెలకు ఎంత పోయించారో చూస్తే మెట్టు కనపడుతుంది.

ఇంజిను వేడి షెడ్డులో చూసి నమ్మడం మానేశాను.

ఇథనాల్‌ను నేరస్తుడిగా వదిలిపెట్టేశానని కాదు. ఈ కేసు తరువాత రెండు వారాలకే ఒక మోటారు సైకిలు వచ్చింది. వానాకాలమంతా ఆరుబయట నిలబెట్టి, మూత వాషరు పోయినా పట్టించుకోలేదు. కొలజాడీలో మేం చేసిన పని ఆ ట్యాంకులో దానంతట అదే జరిగింది: నీరూ ఇథనాలూ కలిసి అడుగున పొరగా చేరాయి, ఇంజిను తాగుతున్నది అదే. పాత పెట్రోలులో అయితే కాసిన్ని నీళ్లు కిందికి దిగి ఉండేవి. ఇక్కడ ఇథనాల్‌ను కూడా లాక్కుని దిగాయి. అలాంటి బండికి మైలేజీ లెక్కలు వేయకుండా ట్యాంకు ఖాళీ చేయడమే మొదటి పని.

ఇక బాబాయిగారి కొడుకు స్కూటరు 2024లో కొన్నది. దానికి తేడా ఏమీ తెలియడం లేదన్నాడు. ఆ తరం బండ్లకు తెలిసేంత ఉండదు కూడా.

డిసెంబరులో ఆయన మళ్లీ వచ్చాడు, ఆయిలు మార్పించుకోవడానికి. పుస్తకం తెరిచి చూపించాడు. వెనక పేజీల్లో ఒక కొత్త గడి గీశాడు, పైన 'ఇథనాల్' అని రాసి, నెల నెలకూ కింద 300 వేసుకుంటున్నాడు, అరువు పెట్టిన వాళ్ల పేర్ల కింద వేసినట్టే. ఎవరి దగ్గర వసూలు చేస్తారని అడిగితే నవ్వి, గొట్టాలు ఎప్పుడు చూడాలన్నాడు. గొట్టం మార్చాక మీటరు ఇంకో 20 వేలు తిరిగేది 2026 చివర్లో. ఆ తేదీ కూడా అదే గడి పక్కన రాసుకున్నాడు.